కట్టుడు పళ్లు ఎంచుకునే ముందు నోరు చూపించుకోవాలి

సంపాదకులకు,

అయ్యా,

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఇప్పటికీ పొద్దున్నే తెలుగు పత్రికే చదువుతారు గనుక, పళ్లు పోయిన పెద్దవాళ్లకు సంబంధించిన ఈ సంగతి మీ పత్రిక ద్వారా చెప్పడమే మంచిదనిపించింది. కొంతకాలంగా మా ఊళ్ల గోడల మీద, ఆటోల వెనుక ‘ఒక్క రోజులో కదలని పళ్లు’ అనే ప్రకటనలు విరివిగా కనిపిస్తున్నాయి. మరో పక్క, వృద్ధులకు ఉపకరణాలు పంచే ప్రభుత్వ శిబిరాల్లో కట్టుడు పళ్లు కూడా ఇస్తారని విని ఆశగా వెళ్లేవారున్నారు. ప్రకటన చూసి వెళ్లేవారూ, శిబిరానికి వెళ్లేవారూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ రకం పళ్లు మంచివి, ఎంతవుతుంది? నోరు చూడకుండా ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. ఎన్ని పళ్లు పోయాయి, మిగిలినవి ఎంత గట్టిగా ఉన్నాయి, దవడ ఎముక ఎంత మిగిలింది, పెట్టించుకున్నాక దిద్దించుకోవడానికి ఆ డాక్టరు దగ్గరకు ఎన్నిసార్లు వెళ్లిరాగలరు అనేవి తేలాకే రకమూ, ధరా తేలతాయి.

నేను దంత వైద్యుణ్ణి కాను. డాక్టర్లు తీసి పంపిన కొలతల మీద పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేసి విరమించినవాణ్ణి. నోటిలో ఏముందో డాక్టరు చూస్తే, ఆ నోటికి చేసిన పళ్లు కొన్నేళ్ల తరువాత ఏ స్థితిలో మరమ్మతుకు వస్తాయో ల్యాబువాళ్లు చూస్తారు. పైసెట్టు పళ్లు అరిగి, అంచులు నలిగి వస్తుంది. దానితో పాటే వచ్చిన కింది సెట్టు మాత్రం కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. అంటే దాన్ని డబ్బాలోంచి తీయనేలేదన్నమాట. ‘పైది బాగానే ఉంది బాబూ, కిందది ఒగ్గేసినాను’ అన్న మాట మా వైపు మామ్మల నోట వినని ల్యాబు ఉండదు. ఇందులో మామ్మల తప్పేమీ లేదు, చాలాసార్లు డాక్టరు తప్పూ ఉండదు.

కింది సెట్టు ఎందుకు నిలవదో తెలుసుకుంటే మిగతా విషయం సగం తెలిసినట్టే. పన్ను ఉన్నంతకాలం దాని చుట్టూ ఉన్న దవడ ఎముకకు పని ఉంటుంది. పన్ను తీసేశాక ఆ ఎముక కరగడం మొదలవుతుంది. మొదటి సంవత్సరంలో, అందులోనూ మొదటి కొద్ది నెలల్లో ఈ కరుగుదల ఎక్కువగా ఉంటుంది. తరువాత నెమ్మదిస్తుందే గానీ పూర్తిగా ఆగదు. పూర్తి సెట్లు పెట్టుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించి 1972లో ప్రచురించిన పరిశీలనలో, కింది దవడ గట్టు (పళ్లు పోయాక మిగిలే ఎముక మిట్ట) పైదానికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా తగ్గుతుందని తేలింది. పైగా పైసెట్టుకు అంగిలి అంతా ఆధారంగా ఉంటుంది. లాలాజలపు పలుచని పొర సాయంతో, అంచుల్లోంచి గాలి చొరబడకుండా ఉన్నంతసేపు అది పైకి అతుక్కుని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ వసతి లేదు. లాడం ఆకారంలో ఉండే ఆ సన్నని పట్టీకి లోపల నాలుక, బయట బుగ్గ, ముందు పెదవి, మూడూ మాట్లాడినప్పుడల్లా తోపుడు పెడుతూనే ఉంటాయి. రక్తపోటుకు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు నోటిని ఎండబెడతాయి గనుక, అవి వాడేవారికి పైసెట్టు కూడా జారవచ్చు. మందుల చీటీని పళ్ల డాక్టరుకు చూపించాలని అనేది ఇందుకే.

అందువల్ల పళ్లు కొన్ని మిగిలి ఉన్నవారికి నేను చెప్పే మొదటి మాట, ‘ఉన్నవన్నీ పీకేయించుకుని ఒకేసారి సెట్టు పెట్టించుకుంటాను’ అనే తొందర వద్దని. మా ప్రాంతంలో ఈ తొందర చాలా ఎక్కువ. పదేపదే ప్రయాణం చేయలేక, నొప్పి పడలేక, ‘కాటికి కాళ్లు చాపుకున్న వయసులో ఈ నాలుగు పళ్లతో పనేమిటి’ అని తీయించేస్తారు. కదలకుండా ఉన్న రెండు కింది కోరపళ్లను కాపాడుకుంటే, వాటికి రూట్ కెనాల్ చేసి, చిగురుకు కాస్త పైదాకా కోసి, ఆ వేళ్ల మీదుగా సెట్టు కూర్చోబెట్టవచ్చు. వేళ్లు ఉన్నచోట ఎముక కరగడం తగ్గుతుంది, సెట్టు కింద ఒక ఆనిక ఉంటుంది, నమిలేటప్పుడు ఎంత ఒత్తిడి పెడుతున్నామో కూడా తెలుస్తుంది. ఆ వేళ్లు మళ్లీ పుచ్చకుండా రోజూ బ్రష్షు చేసుకోవాలి, అదొక్కటే షరతు. కోరపన్ను వేరు పొడవైనది, బలమైనది. చివరిదాకా మిగిలేది తరచుగా అదే. దాన్ని పీకించుకునే ముందు ఉంచడానికి వీలుందా అని డాక్టరును ఒక్కసారైనా అడగాలి.

పళ్లన్నీ పోయినవారికి సాధారణంగా చేసేది తీసిపెట్టుకునే పూర్తి సెట్టు. పైన 14, కింద 14, మొత్తం 28 పళ్లు అమరుస్తాము, జ్ఞానదంతాలు పెట్టము. గులాబీ రంగు అక్రిలిక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పీఠం మీద అక్రిలిక్ పళ్లు ఉంటాయి. పళ్లు తీయించుకున్న తరువాత పుండు మాని గట్టు ఒక రూపానికి రావడానికి సాధారణంగా ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా ఆగమంటారు. అన్నాళ్లు పళ్లు లేకుండా బయటికి వెళ్లలేమనుకునే ఉద్యోగస్తులకు, వ్యాపారులకు పళ్లు పీకిన రోజే పెట్టే సెట్టు కూడా ఉంది. అయితే ఎముక కరుగుతున్నకొద్దీ అది వదులవుతుంది గనుక, కొద్ది నెలల్లో లోపలి పొర కొత్తగా పోయించుకోవడమో, మరో సెట్టు చేయించుకోవడమో తప్పదు. ఆ రెండో ఖర్చు గురించి ముందే చెప్పని చోట ఆ రకానికి ఒప్పుకోకపోవడం మంచిది.

ఒక పూర్తి సెట్టు సరిగా తయారుకావడానికి సాధారణంగా ఐదారు రాకలు పడతాయి. మొదటిసారి నోటికి మామూలు కొలత తీస్తారు. దాని మీద పోసిన అచ్చుతో ఆ నోటికే సరిపోయే ట్రే తయారుచేస్తాము. ఆ ట్రేతో రెండోసారి, పెదవీ బుగ్గా నాలుకా కదిలిస్తూ, అంచులతో సహా అసలు కొలత తీస్తారు. మూడోసారి మైనపు దిమ్మలు పెట్టి పై దవడ, కింది దవడ ఎంత దూరంలో, ఏ వరుసలో కలుస్తున్నాయో చూస్తారు. నాలుగోసారి మైనంలో అమర్చిన పళ్లు నోట్లో పెట్టి చూపిస్తారు. ఈ రాకలో మొహమాటపడకూడదు: పళ్ల రంగు, పరిమాణం, నవ్వినప్పుడు కనిపించే తీరు, మాట స్పష్టత నచ్చకపోతే ఇక్కడే చెప్పాలి. మైనంలో ఉన్నంతవరకు పన్ను జరపడం ల్యాబులో కొద్దిసేపటి పని. ఆ మైనాన్ని తీసి అక్రిలిక్ నింపి, వేడి నీటిలో గంటల తరబడి ఉంచి గట్టిపరిచాక పళ్లను అలా జరపలేము. ఐదోసారి సెట్టు ఇస్తారు, ఆ తరువాత ఒరుసుకున్న చోట్ల అరగదీయడానికి మరికొన్నిసార్లు రమ్మంటారు. రెండు రాకల్లో సెట్టు ఇచ్చేస్తామనేవారు వీటిలో ఏ మెట్టు వదిలేస్తున్నారో అడిగే హక్కు డబ్బు ఇచ్చేవారికి ఉంది.

పూర్తి సెట్టుతో నమిలే బలం సొంత పళ్ల బలంలో నాలుగో వంతుకు మించదని కూడా ముందే తెలుసుకోవడం మంచిది. చేగోడీలు, జంతికలు, వేయించిన జీడిపప్పు మునుపటిలా తినవచ్చని ఎవరైనా చెబితే నమ్మకూడదు. అన్నం, పప్పు, ఉడికిన కూర, మెత్తగా వండిన చేప, చిన్న ముక్కలుగా కోసిన పండు తినగలిగితే సెట్టు తన పని చేస్తున్నట్టే. పళ్లు లేనివాళ్లు అంబలితో, తరవాణి అన్నంతో రోజులు నెట్టేస్తూ పప్పులు, ఆకుకూరలు, మాంసం మానేసి నీరసించిపోవడం ప్రతి ఊళ్లోనూ చూస్తున్నదే.

ఇక కొన్ని పళ్లే పోయినవారి సంగతి. వీరికి దారులు ఎక్కువ, మోసపోయే అవకాశమూ ఎక్కువే. అన్నిటికంటే చవకైనది అక్రిలిక్ పాక్షిక సెట్టు. తీగ కొక్కేలతో పక్క పళ్లను పట్టుకుని నిలుస్తుంది, పూర్తిగా చిగురు మీదే కూర్చుంటుంది. తాత్కాలికంగా బాగుంటుంది; ఏళ్ల తరబడి అలాగే వాడితే చిగురును నొక్కి, కొక్కేలు పట్టుకున్న పళ్లను కదిలిస్తుంది. కోబాల్టు, క్రోమియం లోహంతో పోసే పాక్షిక సెట్టు దీనికంటే ఖరీదైనదే గానీ, సన్నగా ఉంటుంది, తేలికగా విరగదు. అంతకంటే ముఖ్యంగా దానికి మిగిలిన పళ్ల మీద ఆనే చిన్న చిన్న కాళ్లు ఉంటాయి గనుక నమిలిన బరువు చాలావరకు చిగురు మీద కాక పళ్ల మీద పడుతుంది. మిగిలిన పళ్లు గట్టిగా ఉన్నవారికి తీసిపెట్టుకునే రకాల్లో నేను మొదట చెప్పేది దీన్నే. కానీ మా పట్టణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది ఇది కాదు, నైలాను వంటి పదార్థంతో చేసే వంగే సెట్టు. లోహపు తీగ కనిపించదు, చిగురు రంగులో కలిసిపోతుంది, విరిగిపోదని ప్రచారం. ముందు వైపు ఒకటి రెండు పళ్లకు అది నిజంగానే బాగుంటుంది. దవడ పళ్లు వరుసగా పోయినచోట మాత్రం, పళ్ల మీద ఆనే కాళ్లు సాధారణంగా ఉండవు గనుక నమిలినప్పుడల్లా చిగురులోకి కుంగుతుంది. వదులైనప్పుడు లోపల పొర వేయడమూ, పన్ను ఊడితే అతికించడమూ చాలా కష్టం. మా ల్యాబుకు మరమ్మతుకు వచ్చిన వంగే సెట్లలో చాలావాటిని తిప్పి పంపేయవలసే వచ్చేది.

‘బ్రిడ్జి’ అని పిలిచే కదలని పళ్లను తీయనక్కరలేదు, మాటకూ ముద్దకూ సౌకర్యంగా ఉంటాయి. పోయిన పన్నుకు అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి, వాటి మీద తొడుగులు వేసి, మధ్యలో పన్ను వేలాడదీస్తారు. ఆ పక్క పళ్లకు ఇప్పటికే పెద్ద సిమెంటో, రూట్ కెనాలో ఉండి తొడుగు అవసరమైతే ఇది మంచి మార్గం. మచ్చలేని రెండు పళ్లను ఒక్క పన్ను కోసం అరగదీయించుకోవడం వేరే సంగతి; అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. నడి వయసులో ఒక పన్ను పోయి బ్రిడ్జి పెట్టించుకున్నవారు, దాని కింద శుభ్రం చేసుకోకపోవడంతో ఆధారపు పన్ను పుచ్చి, కొన్నేళ్లకు మూడు పళ్లూ కోల్పోయి రావడం అరుదేమీ కాదు. బ్రిడ్జి కింద దారం పోనిచ్చి శుభ్రం చేసే పద్ధతిని పెట్టిన రోజే అద్దంలో చూపించి నేర్పమని డాక్టరును అడగాలి.

జనం ‘స్క్రూ పళ్లు’ అనే ఇంప్లాంట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రకటనలన్నీ వీటివే. స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1952 ప్రాంతంలో కుందేళ్ల ఎముక మీద పరిశోధన చేస్తూ, టైటానియం లోహం ఎముకతో విడదీయరానంతగా కలిసిపోతుందని గమనించాడు. 1965లో మొదటిసారిగా ఒక రోగి దవడలో టైటానియం స్క్రూలు అమర్చి పళ్లు నిలబెట్టాడు. అప్పటినుంచి ఈ చికిత్స బాగా స్థిరపడింది, పక్క పళ్ల జోలికి పోనక్కరలేదు, ఎముక కరగడాన్నీ తగ్గిస్తుంది. అయితే ఎముక తగినంత ఉండాలి, లేదా ముందు ఎముక పొడి నింపాలి. మధుమేహం అదుపులో ఉండాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారిలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఎముకలు గుల్లబారకుండా కొన్ని రకాల మందులు వాడేవారు, క్యాన్సరుకు దవడ మీద రేడియేషను తీసుకున్నవారు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి; దాచిపెడితే దవడ ఎముకే మానని పుండుగా మారే ప్రమాదం ఉంది. ఎముకతో స్క్రూ కలవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ‘ఒక్క రోజులో’ పెట్టే పళ్లు పూర్తిగా అబద్ధం కావు. ఎముక బాగున్న కొందరికి స్క్రూలు వేసిన రోజో, మర్నాడో పళ్లు బిగిస్తారు. కానీ సాధారణంగా అవి తాత్కాలిక అక్రిలిక్ పళ్లు, అసలు పళ్లు నెలల తరువాత వస్తాయి. అసలు పళ్లు ఎప్పుడు, దానికి వేరే డబ్బు ఎంత, వేసిన స్క్రూ ఏ కంపెనీది, దాని చీటీ ఇస్తారా అని కాగితం మీద రాయించుకోవాలి. పదేళ్ల తరువాత స్క్రూ మీది భాగం వదులైతే, వేరే ఊళ్లో వేరే డాక్టరు బిగించాలన్నా ఆ కంపెనీ, ఆ కొలత తెలియాలి.

నోరంతా స్క్రూలు వేయించుకునే స్తోమత లేనివారికి మధ్యేమార్గం ఒకటి ఉంది. కింది దవడ ముందు భాగంలో రెండే రెండు స్క్రూలు వేసి, తీసిపెట్టుకునే కింది సెట్టును వాటి మీద బొత్తాముల్లా నొక్కి నిలబెడతారు. 2002లో కెనడాలోని మాంట్రియల్‌లో సమావేశమైన దంత నిపుణులు, పళ్లన్నీ పోయిన కింది దవడకు మామూలు సెట్టు కంటే ఈ రెండు స్క్రూల సెట్టునే మొదటి ఎంపికగా చూడాలని సూచించారు. పైసెట్టు మామూలుదే చాలు. నేను పైన చెప్పిన మామ్మలకు నిజంగా పనికొచ్చే చికిత్స ఇదే అని నా అభిప్రాయం, కానీ మా జిల్లాల్లో దీని పేరు విన్నవారే తక్కువ. మొత్తం నోటికి స్క్రూలు, లేదంటే ఏమీ లేదు అన్నట్టుగానే బేరం నడుస్తుంది.

ఈ ఖర్చులకు భయపడి సంతల్లో, బస్టాండు దగ్గర గొడుగు వేసుకుని కూర్చునేవారి చేత పన్ను కట్టించుకునేవారు ఇంకా ఉన్నారు. వాళ్లు చేసేదేమిటో చెబుతాను. పొడీ ద్రవమూ కలిపితే అక్కడికక్కడే గట్టిపడే అక్రిలిక్‌ను నేరుగా చిగురు మీద పెట్టి, ఒక పన్ను గుచ్చి, తీగతో పక్క పళ్లకు కట్టేస్తారు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కి చిగురును కాలుస్తుంది. తీయడానికి రాదు గనుక దాని కింద తిండి చేరి కుళ్లుతుంది. కట్టిన పన్ను నిలుస్తుంది, కట్టుకు ఆధారమైన మంచి పళ్లు రెండూ కదిలిపోతాయి. చట్టం ప్రకారం దంత వైద్యులుగా నమోదు లేనివారు ఈ వైద్యం చేయకూడదు. ల్యాబులో ఎన్నేళ్లు పనిచేసినా నేను కూడా చేయకూడదు. ల్యాబువాళ్లే ఇంటికి వచ్చి కొలత తీసి సెట్టు ఇస్తామంటే ఒప్పుకోవద్దని మా వృత్తివాళ్లకు కోపం వచ్చినా చెబుతున్నాను.

మా ప్రాంతానికే ప్రత్యేకమైన మరొక జాగ్రత్త ఉంది. శ్రీకాకుళం తీరం నుంచి గంజాం దాకా పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు తెలిసినదే. చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చడం వల్ల ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబారి, ఎర్రని చుక్కలు తేలి, కొందరిలో క్యాన్సరుగా మారుతుందని విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో జరిగిన వైద్య పరిశీలనలు ఏనాడో చెప్పాయి. ఒడిశా వైపు గుడాకు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునే అలవాటు, పొగాకు కిళ్ళీ, ఖైనీ ఉండనే ఉన్నాయి. పైసెట్టు కప్పేది ఆ అంగిలినే. కప్పేముందు అక్కడ తెల్లమచ్చ గానీ, ఎర్రమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉందేమో డాక్టరు వెలుగు వేసి చూసి తీరాలి. సెట్టు పెట్టించుకున్న తరువాత కూడా, ‘పళ్లే లేవు కదా, పళ్ల డాక్టరుతో పనేమిటి’ అనుకోకుండా ఏడాదికొకసారి నోరు చూపించుకోవాలి. సెట్టు ఒరుసుకోవడం వల్ల అయిన పుండు సెట్టు దిద్దించాక కొద్ది రోజుల్లో మానిపోతుంది. మాననిది వేరే పుండు.

ఇప్పుడు దూరం సంగతి. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం, విశాఖ రైలు దారిలో ఉన్నాయి. పర్లాకిమిడివారికి మహేంద్రతనయ దాటితే పాతపట్నం. గంజాం వైపువారు బరంపురం వెళతారు. భాష తెలిసిన డాక్టరని, ఫలానా బంధువు అక్కడే పెట్టించుకున్నాడని దూరమైనా ఆంధ్రా వైపు వెళ్లేవారు చాలామంది. కొలతల కోసం వెళతారు, సెట్టు తెచ్చుకుంటారు, ఆ తరువాత మొదటి వారంలో చిగురు ఒరుసుకుని పుండైతే మళ్లీ అంత దూరం వెళ్లలేక సెట్టును గూట్లో పెట్టేస్తారు. కొందరు ఇంట్లో ఆకురాయితో అరగదీసుకుంటారు. దానితో అంచు పోయి, ఉన్న పట్టూ పోతుంది. దిద్దుబాటు రాకలు లేకుండా పూర్తి సెట్టు పని పూర్తయినట్టు కాదు. అందుచేత పేరున్న దూరపు డాక్టరుకూ, అర్హత ఉండి దగ్గరలో ఉన్న మామూలు డాక్టరుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే, పూర్తి సెట్టు విషయంలో దగ్గరివారినే ఎంచుకోమంటాను. ఇంప్లాంటుకైతే అనుభవం ముఖ్యం గనుక దూరం వెళ్లడంలో అర్థముంది. ఒడియా డాక్టరుకు తమ బాధ చెప్పుకోలేమని జంకే పెద్దవాళ్లతో రెండు భాషలూ వచ్చిన కొడుకో, మనవరాలో మైనం పళ్లు చూపించే రోజునైనా వెంట వెళ్లాలి.

పెట్టుకున్న తరువాతి మాటలు కొన్నే. మొదటి వారాల్లో నోరు ఊరుతుంది, మాట మొద్దుబారుతుంది, ‘స’, ‘శ’, ‘ఫ’ పలకడం కష్టమవుతుంది. పత్రిక పైకి చదువుతూ ఉంటే సర్దుకుంటుంది. ముద్దను రెండు వైపులా పంచి నమలాలి, ఒక్క వైపే నమిలితే రెండో వైపు లేస్తుంది. రాత్రి తీసి నీళ్లలో ఉంచాలి. తీయకుండా పడుకునేవారి అంగిలి ఎర్రగా పుండవడానికి తరచుగా కారణం సెట్టు కింద పెరిగే బూజు. మెత్తని బ్రష్షుతో సబ్బు నీటితో తోమాలి. టూత్‌పేస్టు అక్రిలిక్‌ను గీస్తుంది, మరిగే నీళ్లు దాన్ని వంకరతిప్పుతాయి, బ్లీచింగు నీళ్లు లోహపు భాగాన్ని పాడుచేస్తాయి. విరిగితే బజారు జిగురుతో అతికించకుండా ముక్కలన్నీ తీసుకుని వెళ్లాలి. ఇంట్లో అతికించి తెచ్చినదాన్ని సరిచేయడం కంటే విడి ముక్కలను సరిచేయడం ల్యాబుకు తేలిక. ఎంత బాగా చూసుకున్నా ఐదు నుంచి ఏడేళ్లలో గట్టు రూపు మారి లోపలి పొరనో, సెట్టునో మార్చవలసి వస్తుంది.

చివరగా ప్రభుత్వానికి సంబంధించిన విషయం. కేంద్రం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే ఉపకరణాల జాబితాలో చేతికర్ర, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లజోళ్లతో పాటు కట్టుడు పళ్లు కూడా ఉన్నాయి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారే కాక, నెలకు 15,000 రూపాయలకు మించని ఆదాయం ఉన్నవారూ అర్హులే. ఈ సంగతి సరిహద్దు పల్లెల్లో చాలామందికి తెలియదు, తెలిసినవారు అడగాలి. అయితే చేతికర్రను ఒక శిబిరంలో కొలిచి మరో శిబిరంలో పంచవచ్చు గానీ, పళ్ల సెట్టును అలా పంచితే అది గూట్లోకే చేరుతుంది. కర్ణాటక ప్రభుత్వం ‘దంత భాగ్య’ పథకంలో పేద వృద్ధులకు ఉచిత సెట్లను దంత కళాశాలల ద్వారా, అంటే కొలత తీసినవారే దిద్దేటట్టుగా ఇప్పిస్తోంది. ఒడిశాలోనూ, ఆంధ్రా వైపు పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ అటువంటి ఏర్పాటు కావాలి. జిల్లా కేంద్ర ఆసుపత్రుల దంత విభాగాల్లో పళ్లు పీకడం, సిమెంటు పెట్టడంతో సరిపెట్టకుండా, ఒక చిన్న ల్యాబును, ఒక శిక్షణ పొందిన పనివాణ్ణి అనుబంధంగా ఇస్తే పూర్తి సెట్లు అక్కడే తయారవుతాయి. దానికి కావలసిన నీళ్లు మరిగించే తొట్టి, అచ్చు పెట్టెలు, మెరుగు పెట్టే మోటారు ఏవీ ఆసుపత్రి భరించలేనంత ఖరీదైనవి కావు.

అంతదాకా, వయోశ్రీ శిబిరాలు నడిపే అధికారులు కనీసం ఒక్క పని చేయాలని కోరుతున్నాను. పళ్లకు పేరు రాసుకున్న ప్రతి వృద్ధుడికీ, వృద్ధురాలికీ ఆ రోజే, తరువాతి రాకల తేదీలు, సెట్టు ఇచ్చాక దిద్దే ఆసుపత్రి పేరు, ఏ గదికి వెళ్లాలో ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన చీటీ చేతికి ఇవ్వాలి.

భవదీయుడు,
విశ్రాంత దంత ల్యాబు పనివాడు,
రాయగడ, ఒడిశా